ఒక మిత్రుడు, పుట అరవై ఒకటి

టైర్ల షాపు పైన, మేడ మీద, ఒక పుస్తకాల కంపెనీ ఉంది. కింద టైర్లకి గాలి కొట్టినప్పుడల్లా పైన టేబుళ్ళ మీద టీ గ్లాసులు సన్నగా వణుకుతాయి. కథలూ కవితలూ వాళ్ళు వెయ్యరు. డబ్బు పుస్తకాలే వేస్తారు. ఏ దేశంలో ఏ కాలంలో షేర్లు ఎలా పొంగాయి, ఎలా కుప్పకూలాయి, అందరూ మునిగిన చోట ఎవడు తేలాడు, తేలినవాడు పొద్దున్నే ఎన్నింటికి లేచేవాడు, ఇదీ వాళ్ళ సరుకు. మార్కెట్టు పెరిగేటప్పుడు కోటీశ్వరుల జీవితచరిత్రలు అమ్ముడుపోతాయి. పడ్డప్పుడు పతనాల చరిత్రలు అమ్ముడుపోతాయి. ఎటు పోయినా మనకి ఢోకా లేదంటాడు ప్రొప్రయిటరు. రెండు రకాలూ ఎక్కువగా కొనేది మాత్రం డబ్బు పోగొట్టుకున్నవాళ్ళే.

ఆ పుస్తకాల చివర సన్న అక్షరాల్లో అకారాది సూచిక ఉంటుంది. ఏ పేరు ఏ పుటలో ఉందో చెప్పే వరస. దాన్ని చదివేవాళ్ళు లేరు, వెతుక్కునేవాళ్ళే. కావలసిన పేరు దొరగ్గానే పుట తిప్పేసి వెళ్ళిపోతారు. దాన్ని కూర్చుని తయారుచేసిన మనిషి ఒకడుంటాడని ఎవరికీ తట్టదు. కూరలో ఉప్పు సంగతీ అంతే, తగ్గితేనే గుర్తొస్తుంది.

ఆ కంపెనీలో ఆ పని చేసే ఆయన్ని ముందర మాస్టారూ అంటారు, వెనకాల అకారాది అంటారు. ఆయన ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు గనక మాస్టారనేది అబద్ధం, అకారాదే నిజం. వెనకాల ఏమంటున్నారో ఆయనకి తెలుసు. కోపం లేదు సరికదా, పేరు పెట్టారంటే తనని ఎవరో ఒక్కసారైనా చూసినట్టే కదా అని లోపల్లోపల కాస్త సంతోషం.

ఆయన పద్ధతి ఆయనది. ప్రెస్సులో పాడైపోయిన పుస్తకాల అట్టల్ని కత్తిరించి చీటీలు చేసుకుంటాడు. ఒక్కో పేరుకి ఒక్కో చీటీ. చెప్పుల పెట్టెల్లో అడ్డంగా అట్టముక్కలు దోపి అక్షరానికొక గది కట్టాడు. ఙ, ఞ, ణ లతో మొదలయ్యే మాటలు మనకి లేవు. అందుకని ఙ గదిలో గుండుసూదులు, ఞ గదిలో రబ్బరు బ్యాండ్లు, ణ గదిలో దగ్గుబిళ్ళలు ఉంటాయి. ఆయన సూచికలో 'ఆశ' అని వెతికితే 'చూ. అత్యాశ' అని ఉంటుంది, చూ. అంటే చూడండి. అత్యాశ దగ్గరికి వెళితే పుటల నంబర్లు బారెడు ఉండి, చివర 'చూ. పతనం' అని ఉంటుంది. ఎడిటరమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అది చూసి, "ఇది సూచికా, మా అమ్మమ్మ చెప్పే నీతికథా మాస్టారూ?" అంది. ఆ ఆఫీసులో ఆయనతో పని లేకపోయినా మాట్లాడే మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.

ప్రతి పతనం పుస్తకంలోనూ ఒక వాక్యం ఉంటుంది. 'వేలాదిమంది చిన్న మదుపరులు సర్వస్వం పోగొట్టుకున్నారు.' పెద్ద మదుపరులకి పేర్లుంటాయి, అలవాట్లుంటాయి, పెంపుడు కుక్కలుంటాయి, ఆ కుక్కలకీ చీటీలుంటాయి. వేలాదిమందికి చీటీ ఉండదు. సూచికకి పేరు కావాలి, గుంపు పనికిరాదు. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా అకారాది పెన్సిలు ఒక్క క్షణం ఆగి ముందుకి పోతుంది. ఎందుకంటే ఆ వేలాదిమందిలో ఆయన ఒకడు.

ఆయన ఉండేది ఒక పాత ఇంట్లో వెనక వాటా. పక్కసందులోంచి వెళ్ళాలి. ఒక గది, ఒక వంటిల్లు, ఎండ రావడానికి మొహమాటపడే ఒక కిటికీ. జీవితమంతా 'షేరు' అన్న చోటల్లా 'వాటా' అని చీటీలు రాసిన మనిషికి చివరికి మిగిలిన వాటా ఇదేనని ఒకసారి తనకు తానే చెప్పుకుని నవ్వుకున్నాడు. బాగుంది అనడానికి పక్కన ఎవరూ లేక ఆ నవ్వు తొందరగానే అయిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కా పోయింది. బావ అప్పటికి చాలా ఏళ్ళుగా మాట్లాడ్డం మానేశాడు. ఆదివారం ఆయనకి నోరు తెరిచే పని పడదు. సోమవారం ఆఫీసు మెట్లెక్కుతూ ఒకసారి దగ్గుతాడు, గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి.

ముందు వాటాలో ఉండే ఆవిడ మంచిదే గాని ఆవిడకో అలవాటు ఉంది. వెనకాయన కోసం ఎవరొచ్చినా, "లేడండీ" అనేస్తుంది. చూసి చెప్పదు. వెనక వాటాలోంచి ఏ అలికిడీ రాదు గనక మనిషి లేడనే ఆవిడ లెక్క. రేడియో లేదు, అరుపుల్లేవు, గిన్నెల చప్పుడు కూడా అంతంతమాత్రం. లోపల కూర్చుని చీటీలు కత్తిరించుకుంటున్న మనిషి, తను లేడన్న మాట గోడ ఇవతల్నించి వింటూ ఉంటాడు. లేచి వెళ్ళి ఉన్నానని చెప్పొచ్చు. అంత అవసరమా అనిపించి ఊరుకుంటాడు.

ఇప్పుడు పాలగిన్నె సంగతి చెప్పాలి.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో పని చేశాడు. గోడంతా నల్లబోర్డు, దాని మీద షేర్ల ధరలు సుద్దముక్కతో రాయడం ఉద్యోగం. ఆయన పొట్టి. అందుకని బోర్డు కిందసగం ఆయనది. పైసగం రాసేవాడు ఇంకొకడు, తాడిచెట్టంత మనిషి. ఒకరినొకరు పొట్టోడా, పొడుగోడా అనుకునేవాళ్ళు. ఇద్దరూ ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు, ఒకే కిరసనాయిలు పొయ్యి, ఒకే దువ్వెన. పై షేరు పెరిగితే పొడుగోడు ఈల వేసేవాడు, కింది షేరు పెరిగితే పొట్టోడు బోర్డుని చేత్తో తట్టేవాడు. ఆ ఏడాది షేర్లన్నీ పిచ్చెక్కినట్టు పెరిగాయి. రాసిన అంకె మీంచి చెయ్యి తియ్యకముందే చెరపాల్సి వచ్చేది. సాయంత్రానికి ఇద్దరి తలలూ సుద్దపొడితో ముసలివాళ్ళ తలల్లా ఉండేవి. ఊరందరితో పాటు ఇద్దరూ దాచుకున్నదంతా షేర్లలో పెట్టారు. పొట్టోడైతే అక్క ఇచ్చింది కూడా పెట్టాడు.

ఒక పొద్దున పొట్టోడు టీ పెడుతున్నాడు. పాలు పొంగొచ్చాయి. పొడుగోడు మంచం మీంచి చూసి, "ఒరేయ్, గిన్నె నిండా పాలున్నాయే, ఇవాళ రెండేసి గ్లాసులు తాగొచ్చు" అన్నాడు.

"పొంగేటప్పుడు ఏ గిన్నె అయినా నిండుగానే కనిపిస్తుందిరా" అన్నాడు పొట్టోడు, గుడ్డతో గిన్నె దించుతూ. "దించాక చూడు, ఎన్నున్నాయో తెలుస్తుంది."

అంతే. పొడుగోడు టీ తాగలేదు. చొక్కా తొడుక్కుని వెళ్ళి ఆ రోజే తన షేర్లన్నీ అమ్మేశాడు. సాయంత్రం వచ్చి, "నువ్వూ అమ్మెయ్యరా, నీ మాట మీదే నేను అమ్మాను" అని పట్టుకుని ఊపాడు. పొట్టోడు పగలబడి నవ్వాడు. "నేను అన్నది పాల సంగతిరా బాబూ. షేర్ల సంగతి కాదు."

వారం తిరక్కుండా మార్కెట్టు కూలింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది పొట్టోడి పని. బోర్డు కిందసగంలో తను రాసిన అంకెల్ని తనే చెరిపి, తనే చిన్న అంకెలు రాసి, ఇంకా చిన్నవి రాశాడు. పైసగం రాసేవాడు ఆ వారం ఆఫీసుకి రావడమే మానేశాడు. వాడి అవసరం తీరిపోయింది, షేర్లమ్మిన డబ్బు చేతికి రాగానే గది నుంచి మకాం కూడా మార్చేశాడు.

రెండు రోజులు పొట్టోడు గదిలో ఒక్కడే ఆలోచించాడు. పొడుగోడు తప్పకుండా వస్తాడు. వచ్చి, సగం తీసుకోరా అంటాడు. అదీ భయం. వాడు దుర్మార్గుడైతే బాగుండేది, తిట్టుకోవచ్చు. వాడు మంచివాడు, పైగా తన మాట విని బాగుపడ్డాడు, తన మాట తను వినక తను చెడ్డాడు. ఆ మంచితనం ఎదురుగా నిలబడి తలెత్తి చూడాలంటే, అసలే పొట్టి మనిషి, మెడ చాల్లేదు. అసూయకి అంతకన్నా పెద్ద పేరు పెట్టక్కర్లేదు. అది అసూయే. తాళంచెవి ఇంటావిడకి ఇచ్చి, ఎక్కడికని చెప్పకుండా ట్రంకుపెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

పొడుగోడు పెద్దవాడయ్యాడు. ఎంత పెద్దవాడంటే, ఆయన ఏ షేరు కొంటే ఆ షేరు వైపు ఊరంతా చూసేటంత. పేపర్లవాళ్ళు ఆయన్ని పాలగిన్నె పెద్దాయన అన్నారు. ఏ సభలో మాట్లాడినా పాలగిన్నె మాట చెప్పకుండా దిగేవాడు కాదు. పుస్తకాలవాళ్ళు దానికి 'పాలగిన్నె సూత్రం' అని పేరు పెట్టారు. ఒక పుస్తకం అది ఆయనకి నాయనమ్మ చెప్పిందంది. ఇంకో పుస్తకం ఆయన చిన్నప్పుడు పాలు పోసేవాడంది. ఒక ప్రొఫెసరు పాలు పొంగే తీరుకి గ్రాఫు గీశాడు. ఆ పుస్తకాలన్నిటికీ సూచిక చేసింది అకారాదే. 'ప' గదిలో, పతనానికి తర్వాత, 'పాలగిన్నె సూత్రం' అని తన చేత్తో తనే రాసి, పక్కన పుటలు వేశాడు.

వెళ్ళి కలవొచ్చు కదా అనిపించని ఏడు లేదు. కానీ ఉన్నవాడికి అందరూ చుట్టాలే. ఆ చుట్టాల వరసలో చివర నిలబడి, నేను ఫలానా అని చెప్పుకుంటే, పాత స్నేహం అడ్డం పెట్టుకుని వచ్చాడనుకుంటారు. వాడు అనుకోకపోయినా వాడి గుమాస్తా అనుకుంటాడు. అలా ఏళ్ళు జరిగిపోయాయి. పోగా పోగా కలవకపోవడమే ఒక పనిలా అలవాటైంది.

అలాంటిది, ఒక రోజు ఎడిటరమ్మ లావుపాటి కాగితాల కట్ట తెచ్చి ఆయన టేబులు మీద పెట్టింది.

"పాలగిన్నె పెద్దాయన ఆత్మకథ మాస్టారూ. మనకే ఇచ్చారు. ప్రొప్రయిటరుగారి కాళ్ళు నేల మీద లేవు. సూచిక మీరు తొందరగా చెయ్యాలి."

అకారాది కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ముప్ఫై మంది కోటీశ్వరుల జీవితాల్ని చెక్కు చెదరకుండా చీటీలు చేసిన మనిషికి మొదటి కాగితం తిప్పడానికి వేలు రాలేదు. ఆయనకి కావలసింది ఒక్కటే. తను అందులో ఉన్నాడా లేడా. సూత్రం ఎవరిదన్న పేచీ కాదు, అది ఎవరిదైనా ఆయనకి ఒరిగేదేమీ లేదు. ఆ గది, ఆ పొయ్యి, ఆ పొద్దున ఈ భూమ్మీద ఇంకొకరికి గుర్తుందా అన్నదే. అక్క పోయాక ఆయన్ని కుర్రవాడిగా చూసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు, ఆ ఒక్కడు తప్ప.

పద్ధతి తప్పకుండా మొదటి పుట నుంచి చదివాడు. ముందుకి దూకి వెతకలేదు. నాయనమ్మ వచ్చింది, బడి వచ్చింది, బ్రోకరు ఆఫీసు వచ్చింది, నల్లబోర్డు వచ్చింది. పుట అరవై ఒకటిలో ఇలా ఉంది.

'గదిలో నాతో ఒక మిత్రుడు ఉండేవాడు. పాలగిన్నె మాట వాడిది. నాది కాదు. ఇన్నేళ్ళూ జనం నాదంటుంటే ఊరుకున్నాను. మార్కెట్టు పడ్డాక వాడి కోసం గదికి వెళ్ళాను. ఇంటావిడ తలుపు సగం తీసి, "ఆయన లేడు నాయనా" అంది. చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ వారం పేపర్లలో ఎలాంటి చావుల వార్తలు వచ్చేవో గుర్తున్నవాళ్ళకి, నేను రెండో ప్రశ్న ఎందుకు అడగలేకపోయానో అర్థమవుతుంది. మెట్లు దిగి వచ్చేశాను. వాడి పేరు రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. వాడు లేడు.'

అకారాది కాగితం కింద పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కింద ఎవరిదో టైరుకి గాలి కొడుతున్నారు. ఇంటావిడ కళ్ళు ఎందుకు తుడుచుకుందో ఆయనకి తెలుసు. ఆవిడ అస్తమానం ఉల్లిపాయలు తరుగుతూ ఉండేది, వంటిల్లు తలుపు పక్కనే. నవ్వొచ్చింది. నవ్వుతోబాటు ఇంకేదో కూడా వచ్చి, ణ గది తెరిచి ఒక దగ్గుబిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

ఇక్కడ ఆ కంపెనీ నియమం ఒకటి చెప్పాలి. సూచికలో చనిపోయిన మన దేశంవాళ్ళ పేర్ల ముందు 'కీ.శే.' అని వేస్తారు, కీర్తిశేషులని. వెనకటికి ఒకసారి బతికున్న పెద్దమనిషికి కీ.శే. పడింది. ఆయనే స్వయంగా మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ తాగి, "బాగుంది, పోయాక కూడా మీ టీ ఇలాగే ఉంది" అని వెళ్ళాడు. అప్పట్నుంచీ అనుమానం ఉన్న ప్రతిచోటా రచయితని అడిగి తీరాలని ప్రొప్రయిటరు ఆజ్ఞ.

అకారాది చీటీ తీసుకుని 'ఒక మిత్రుడు, 61' అని రాశాడు. పేరు లేనివాడికి చీటీ రాయడం ఆయనకి అదే మొదలు. ఒ గదిలో ఎప్పుడూ జనం ఉండరు. ఒడంబడిక ఉంటుంది, ఒడిదుడుకులు ఉంటాయి. వాటి ముందు ఈ ఒక్క మనిషిని నిలబెట్టి, ఎడిటరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"పుట అరవై ఒకటిలో 'వాడు లేడు' అని ఉందమ్మా. లేడంటే చనిపోయాడనా, దగ్గర లేడనా? కీ.శే. వెయ్యాలో వద్దో తేలడం లేదు."

ఆ అమ్మాయి చదివి చూసింది. "చనిపోయాడనే కదా మాస్టారూ అర్థం. ఉన్నా ఈపాటికి వయసైపోయి ఉంటుంది. వేసేద్దాం."

"తొందరపడి చంపెయ్యకమ్మా" అన్నాడు ఆయన. "అడిగి చూడు."

ఆయన గొంతులో ఏముందో గాని, ఆ అమ్మాయి అప్పటికప్పుడే ఫోను తీసింది. అకారాది తన టేబులు దగ్గరికి వెళ్ళి, పెట్టెలో ఉన్న చీటీలనే మళ్ళీ సర్దుతూ కూర్చున్నాడు. అ తర్వాత ఆ, ఆ తర్వాత ఇ. అవి ఎప్పుడో సర్ది ఉన్నాయి.

కాసేపటికి ఎడిటరమ్మే లేచి వచ్చింది.

"ఆయనే మాట్లాడారు మాస్టారూ. ప్రశ్న రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత, 'అది నాకూ తెలీదమ్మా. ఇన్నేళ్ళూ తెలుసుకునే ధైర్యం చాల్లేదు. మీ సూచిక చేసేవారికి ఎలా తోస్తే అలా వెయ్యమనండి' అన్నారు."

"నాకెలా తోస్తే అలానా?"

"అలాగే అన్నారు."

మనిషి ఉన్నాడో పోయాడో సూచిక చేసేవాడు తేల్చాలి. అలాంటి పని ఏ గుమాస్తా నెత్తినా పడి ఉండదు. అకారాది ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

మర్నాడు ఆదివారం. చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పెన్సిలుతో, పల్చగా, 'కీ.శే.' అని ముందు వేసి చూశాడు. ఎంత హాయిగా ఉందో చూసి ఆయనకే భయమేసింది. ఏ పేచీ లేదు. పొడుగోడు ఇన్నేళ్ళూ మోసిన దుఃఖం వృథా పోదు. తను ఎందుకు వెళ్ళిపోయాడో ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. అసూయ మాట ఎత్తక్కర్లేదు. పోయినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. పైగా, అబద్ధం మాత్రం ఎంతని? బతికి ఉన్నాడనడానికి సాక్ష్యం ఏదీ? నిన్న సాయంత్రం మెట్లు దిగినప్పట్నుంచీ తనతో మాట్లాడినవాళ్ళు లేరు, తను మాట్లాడినవాళ్ళు లేరు. ఇలాంటి ఆదివారాలు పేర్చుకుంటూ పోతే ఒక మనిషి వయసంత ఎత్తు అవుతాయి. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడ్చాడు. అదీ చప్పుడు లేకుండానే.

అప్పుడే వీధి తలుపు దగ్గర ఎవరో పిలిచారు. గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషి.

"వెనక వాటా ఆయనకండీ. ఉన్నారా?"

"లేడండీ" అంది ముందు వాటా ఆవిడ గొంతు, ఎప్పటిలాగే, లోపల్నించి.

సిలిండరు మళ్ళీ బండెక్కిస్తున్న చప్పుడు వినిపించింది. అకారాది ఎప్పుడు లేచాడో, సందు ఎప్పుడు దాటాడో ఆయనకే తెలీదు. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో పెన్సిలు ఉంది.

"ఉన్నాను" అన్నాడు.

ఆ మాట ఆయన అనుకున్నదానికన్నా చాలా పెద్దగా వచ్చింది. బండి మనిషి ఆగిపోయాడు. ముందు వాటా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి, "అయ్యో, ఉన్నారా? అలికిడి లేకపోతేనూ..." అని నొచ్చుకుంది.

"ఉన్నానమ్మా. ఎప్పుడూ ఇక్కడే ఉంటాను" అన్నాడు.

సిలిండరు లోపల పెట్టించుకున్నాక, రబ్బరుతో 'కీ.శే.' చెరిపేశాడు. ఆ జాగాలో పేరు రాద్దామనుకున్నాడు. పొడుగోడికి చెయ్యి రాని పేరు తన చేతికీ రాలేదు. చివరికి సిరాతో ఇలా రాశాడు. 'ఒక మిత్రుడు (ఉన్నాడు), 61.'

సోమవారం ఎడిటరమ్మ ఆ చీటీ దగ్గర ఆగింది.

"ఇదేంటి మాస్టారూ? సూచికలో 'చూ.' తప్ప ఇంకో క్రియ ఉండకూడదని మీరేగా నాకు నేర్పారు?"

"ఒక్కటేగా, ఉండనివ్వమ్మా."

"ఉన్నాడని మీకెలా తెలుసు?"

"తెలుసు."

ఆ అమ్మాయి ఆయన మొహం కేసి ఒక క్షణం చూసింది. ఎలా తోస్తే అలా అన్నారుగా అనుకుని పంపించేసింది.

సూచిక అచ్చుకాగితాలు రచయిత దిద్దుబాటుకి వెళ్ళాయి. ఆ తర్వాతి రోజులు అకారాదికి ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పొడుగోడికి కోపం రావచ్చు. వెటకారమనుకోవచ్చు. బతికుండి ఒక్క కబురైనా పంపని మనిషిని మిత్రుడనడం ఎందుకని ఆ చీటీ మొత్తం కొట్టేయొచ్చు. కొట్టేస్తే తను ఆ ఒక్క పుటలోంచి కూడా పోతాడు. ఈ వయసులో మళ్ళీ మార్కెట్టు బోర్డు ముందు నిలబడ్డట్టయింది ఆయన పరిస్థితి. ఆఫీసులో ఎవరు మెట్లెక్కినా తలెత్తి చూసేవాడు.

కాగితాలు వచ్చాయి. ఎడిటరమ్మ తిరగేసుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"ఏమీ దిద్దలేదు మాస్టారూ, ఒక్క చోట తప్ప. ఒ దగ్గర ఏదో రాశారు. నాకు అర్థం కాలేదు. పుట నంబరు స్పష్టంగా అరవై ఒకటని ఉందిగా, మళ్ళీ ఇదేం ప్రశ్న?"

కాగితం అంచున, 'ఒక మిత్రుడు (ఉన్నాడు)' పక్కన, పెన్సిలుతో ఒకే ఒక్క మాట ఉంది. 'ఎక్కడ?'

చెయ్యి ముసలిదైపోయింది గాని, ఆ 'క' వత్తు ఇంకా బోర్డు పైసగం మీద రాసినట్టే ఉంది, బారుగా, కిందికి దిగి.

"పుట సంగతి కాదమ్మా" అన్నాడు అకారాది. "ఇది రెండో ప్రశ్న."

ఏది ఎక్కడుందో చెప్పడమే బతుకుతెరువైన మనిషి ఆయన. ఇన్నేళ్ళలో ఆయన ఎక్కడున్నాడని అడిగినవాళ్ళు లేరు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెన్సిలు కోసం తడుముకుంటే, ఎడిటరమ్మే తన చేతిలోది ఇచ్చింది. ఆ ఒక్క మాట కింద, తన పేరు రాశాడు. పొట్టోడని కూడా రాశాడు. ఇంటి నంబరు రాశాడు, వీధి రాశాడు. అంతా అయ్యాక ఇంకోసారి చదువుకుని, చివర 'వెనక వాటా. ముందు వాటాలో లేడంటారు, నమ్మకు' అని రాసి, కాగితం ఆ అమ్మాయి చేతికి ఇచ్చాడు.